గురువారం రాత్రి దీపం పెట్టాక పిల్లలకు ఏం చెప్పాలి?

హొళగుంద : వారానికొక రాత్రి ఇంటిల్లిపాదీ దేవుని ముందు కూర్చోవడం ఈ ప్రాంతానికి కొత్త ఆచారం కాదు. మంత్రాలయం చేరువలో ఉన్నందున ఎన్నో ఇళ్ళలో గురువారం, ఆంజనేయుని కొలిచే ఇళ్ళలో శనివారం, శివభక్తుల ఇళ్ళలో సోమవారం సాయంత్రం వాకిలి ఊడ్చి దేవుని గూట్లో దీపం పెడతారు. ముస్లిం కుటుంబాలకు జుమ్మేరాత్ ఉన్నది. క్రైస్తవ కుటుంబాలకు రాత్రి ప్రార్థన ఉన్నది. రోజు ఉన్నది, దీపం ఉన్నది, కూర్చునే అలవాటూ ఉన్నది. అయితే ఆ కూర్చోవడం నేడు ఎంతసేపు సాగుతున్నది? టెంకాయ కొట్టి హారతి ఇచ్చేసరికి అయిదు నిమిషాలు. హారతి కళ్ళకద్దుకున్న మరుక్షణం పెద్దవారు టీవీ ముందుకు, పిల్లలు సెల్‌ఫోను దగ్గరకు చేరుతున్నారు.

పిల్లలకు భక్తి లేకుండా పోతున్నదని రచ్చకట్ట మీద పెద్దలు తరచు వాపోతుంటారు. ఇందులో సగమే నిజం. పిల్లలను కూర్చోబెట్టి చెప్పడానికి పెద్దల దగ్గర ఆ పూటకు ఏమీ సిద్ధంగా లేకపోవడమే అసలు లోపం. విత్తనం చూసుకోకుండా, గొర్రు సరిచేసుకోకుండా పొలానికి పోయే రైతు ఎక్కడా ఉండడు. అదే రైతు పిల్లల ముందు మాత్రం ఏ తయారీ లేకుండా కూర్చుని, "బుద్ధిగా ఉండండి, అబద్ధాలాడకండి, దేవుడు చూస్తుంటాడు" అని నాలుగు మాటలు చెప్పి లేస్తాడు. పోయిన వారం చెప్పినవీ అవే మాటలు. పదేళ్ళ పిల్లవాడు వాటిని ఎన్నిసార్లు వినగలడు?

తయారీ అంటే గ్రంథాలు తిరగవేయడం కాదు, పురోహితుణ్ణి పిలిపించడమూ కాదు. ముందురోజు రాత్రి ఒక అరగంట ఆలోచించుకుంటే చాలు. ఏ కథ చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, చెప్పాక పిల్లలను ఏం అడగాలి, వారి చేతికి ఏ పని ఇవ్వాలి, ఇంతే. ఒక వారం ఒక్క కథ. మూడు కలిపి చెబితే మూడూ నిలవవు. చిన్నపిల్లలున్న ఇంట్లో మొత్తం ఇరవై నిమిషాలు దాటితే వారు నిద్రకు తూగుతారు. తూగిన పిల్లవాణ్ణి భక్తి లేదని మందలించడం న్యాయం కాదు.

కథలకు కొదవ లేదు

ఆదోనితో ముడిపడిన కథ ఒకటున్నది. తల్లిదండ్రులు లేక పశువులు కాసుకుంటున్న వెంకన్న అనే అబ్బాయికి రాఘవేంద్రస్వామి కనిపించి, కష్టం వస్తే తనను తలచుకోమని అభయమిస్తారు. కొంతకాలానికి ఆ దారిన వచ్చిన ఆదోని నవాబు తనకందిన లేఖను ఆ అబ్బాయికిచ్చి చదవమంటాడు. అక్షరం ముక్క రాని వెంకన్న భయంతో గురువును తలచుకుంటాడు. లేఖ చదవగలుగుతాడు. అందులో ఉన్నది శుభవార్త కావడంతో నవాబు సంతోషించి అతన్ని కొలువులో పెట్టుకున్నాడనీ, ఆ వెంకన్నే తర్వాత దివాను అయ్యాడనీ భక్తులు చెప్పుకుంటారు. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామమే నేటి మంత్రాలయం. ఆ గ్రామాన్ని స్వామికి ఇచ్చినవాడుగా చెప్పుకునే సిద్ది మసూద్ ఖానే ఆదోనిలోని జామియా మసీదును కట్టించినవాడు. పత్తి అమ్ముకోవడానికి ఆదోని మార్కెట్ యార్డుకు పోయే నాయన ఒకసారి పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయి ఆ మసీదు చూపితే, పొరుగువాని దేవుణ్ణి తక్కువగా మాట్లాడరాదని వేరే పాఠం చెప్పనక్కరలేదు. పీర్ల పండుగకు కులం, మతం చూడకుండా గుండం చుట్టూ తిరిగే సీమలో ఇది కొత్త మాట కూడా కాదు.

ఈ కథ చెప్పాక "దేవుడు గొప్పవాడా కాదా?" అని అడిగితే పిల్లలు అవునని తలూపి ఊరుకుంటారు. "లేఖ చేతిలో పెట్టినప్పుడు చదువురాని వెంకన్నకు ఎట్లుండి ఉంటుంది?" అని అడగాలి. అప్పుడు బడిలో పాఠం చదవలేక నిలబడిన రోజు ఒకరికి గుర్తుకొస్తుంది. బస్సు మీద ఊరి పేరు ఎవరినో అడిగి ఎక్కిన సంగతి అవ్వ చెబుతుంది. ఇక ఆ వారం పిల్లవానికి ఇచ్చే పని సిద్ధంగానే ఉన్నది. అవ్వ మందుల చీటీ, రేషన్ కార్డు, బ్యాంకు కాగితం తానే చదివి చెప్పాలి. ఒక్క కథ నుంచి ఒక ప్రశ్న, ఒక పని వచ్చాయి. తయారీ అంటే ఇదే.

కనకదాసు పేరు కురుబ కుటుంబాలకు వేరే పరిచయం చేయనక్కరలేదు. ఆయన కన్నడంలో రచించిన రామధాన్య చరిత్రలో వరికీ రాగికీ ఎవరు గొప్ప అని తగవు వస్తుంది. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. వరి చెడిపోతుంది, రాగి చెక్కుచెదరదు. రాముడు రాగినే మెచ్చి తన రాఘవ నామాన్ని దానికి ఇస్తాడు. ఈ కథ చెప్పే రాత్రి రెండు గిన్నెలలో గుప్పెడు వడ్లు, గుప్పెడు రాగులు పెడితే చాలు, పిల్లల చేతులు ఊరుకోవు. జొన్నరొట్టె, సజ్జరొట్టె చూసి ముఖం తిప్పుకునే పిల్లలు ఏ ఊళ్ళో లేరు? బీదవాని తిండిని రాముడే మెచ్చాడన్న కథ వారికి ఎవరైనా చెప్పారా?

ఏ భాషలో చెప్పాలన్న సందేహం ఇక్కడి ఇళ్ళకు సహజం. 1953 వరకు ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో ఉండేది. నేటికీ ఎన్నో ఇళ్ళలో మాట కన్నడం, బడిలో చదువు తెలుగు. ఇంట్లో ఏ మాట నడుస్తుందో ఆ మాటలోనే కథ చెప్పాలి. తెలుగులో పాల్కురికి సోమనాథుడు రాసిన బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. కథలు అటూ ఇటూ దాటి వచ్చిన సరిహద్దు ఇది. అవ్వ కన్నడంలో చెప్పిన కథను మనుమరాలు తెలుగులో నోటుపుస్తకంలో రాసిపెడితే, రెండేళ్ళలో ఆ ఇంటికి సొంత పుస్తకమే తయారవుతుంది.

దేవరగట్టు గురించి ఎవరు చెప్పాలి?

ఈ మండలంలో ఇంటి పాఠానికి అన్నిటికంటే అవసరమైన విషయం మరొకటున్నది. నెరణికి, కొత్తపేట గ్రామాల చేరువలోని దేవరగట్టు కొండ మీద దసరా రాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణం, ఆ తర్వాత కర్రలు, దివిటీలతో జరిగే బన్ని ఉత్సవం దేశమంతటికీ తెలిసినదే. ఏటా పదులకొద్దీ తలలు పగులుతున్నాయి. 2023లోనూ, 2025లోనూ ప్రాణాలు కూడా పోయాయి. పోలీసులు, అధికారులు ఏటా నెల ముందు నుంచే ఊరూరా తిరిగి కర్రలు వద్దని చెబుతున్నారు. వారు చెప్పేది బయటి మాట. ఇంటి మాట ఎవరు చెబుతున్నారు?

పిల్లలకు బన్ని అంటే కర్రల పోరు అనే తెలుసు. సెల్‌ఫోనులో వారు చూసేదీ అదే. మణి, మల్లాసురులనే రాక్షసులు మునులను బాధిస్తే పార్వతీ పరమేశ్వరులు మాళమ్మ, మల్లేశ్వరులుగా వెలసి వారిని సంహరించారన్న కథ ఎంతమంది పిల్లలు మొదటి నుంచి చివరి వరకు చెప్పగలరు? చనిపోతూ రాక్షసులు కోరిన నెత్తుటి కోసం పూజారి తన తొడ నుంచి కొద్దిపాటి రక్తం అర్పించే ఆచారం ఉన్నదని ఎంతమందికి తెలుసు? తన ఒంటి నుంచి తీసి ఇచ్చే ఆ కొద్దిపాటి నెత్తురే ఆచారం. పక్కవాని తల పగలగొట్టడం ఆ కథలో ఎక్కడా లేదు.

నియమాల సంగతి ఇంకా ముఖ్యం. ఉత్సవమూర్తులను కాపాడుకునే నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామాల వారు పాలు ముట్టి బాస చేస్తారు. ఉత్సవం ముగిసేదాకా మద్యం, మాంసం ముట్టరు, కాళ్ళకు చెప్పులు వేసుకోరు. అంటే ఈ పండుగకు మూలం దీక్ష. తాగి కర్ర పట్టేవాడు ఆచారం పాటిస్తున్నవాడు కాడు, తప్పుతున్నవాడు. ఈ మాట మైకులో అధికారి చెబితే కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. దీపం ముందు తాత చెబితే వింటారు. అయితే తాత ఆ మాట దసరా రోజు పొద్దున చెబితే లాభం లేదు. వినాయక చవితి నుంచి దసరా దాకా అయిదారు వారాలు ఉంటాయి. ఒక వారం రాక్షసుల కథ, ఒక వారం పాలబాస, ఒక వారం తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర చెప్పే కార్ణికం, ఒక వారం గొరవయ్యల నల్లకంబళి సంగతి. ఇట్లా ముందే అనుకుని చెప్పుకుపోవాలి. పోయిన ఏడు దెబ్బ తిన్న బంధువు ఇంట్లో ఉంటే ఆయననే ఒక వారం మాట్లాడమనాలి. ఆయనకు ఎన్ని రోజుల కూలి పోయిందో, వైద్యానికి ఎంత అప్పయిందో పిల్లలు వినవలసిందే.

ఇతర చోట్ల

వారానికొక రాత్రిని ఇంటికోసం కేటాయించుకోవడం లోకంలో పలుచోట్ల ఉన్నది. యూదులు శుక్రవారం పొద్దు గుంకకముందే వంట ముగించి, దీపాలు వెలిగించి, పిల్లల తల మీద చెయ్యిపెట్టి దీవిస్తారు. విశ్రాంతి దినం మొదలయ్యాక పొయ్యి వెలిగించరు కాబట్టి వారికి ముందు తయారీ తప్పదు. అమెరికాలోని మార్మన్ మతస్థుల పెద్దలు వారానికొక రాత్రి ఇంటి పాఠానికి కేటాయించమని 1915లో తల్లిదండ్రులను కోరారు. ఆ తర్వాత యాభై ఏళ్ళకు, 1965లో, ఏ వారం ఏం చెప్పాలో పాఠాల పుస్తకం అచ్చువేసి ఇంటింటికీ ఇచ్చారు. 1970 నుంచి సోమవారం రాత్రి అందుకే నిర్ణయించారు. చెప్పమంటే చాలదు, ఏం చెప్పాలో చేతికివ్వాలని వారు గ్రహించినట్టున్నది. అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఆదివారాలు చిన్మయా మిషన్ వారి బాలవిహార్ తరగతులకు పిల్లలను కారులో తీసుకుపోతుంటాయి. అక్కడి చాలా ఇళ్ళలో అవ్వ, తాత లేరు. ఇక్కడ ఉన్నారు. ఆ సంపద విలువ ఇక్కడివారికి తెలియడం లేదు.

అమ్మ మీద మరో బరువు కారాదు

ఈ పనికి ఒక అభ్యంతరం ఉన్నది, అది సబబైనదే. పొద్దంతా పత్తి ఏరి వచ్చి, నీళ్ళు మోసి, రొట్టెలు కాల్చే తల్లి మీదనే ఈ పాఠం కూడా పడితే నాలుగు వారాలలో ఆగిపోతుంది. ఆగిపోవడమే మంచిది కూడా. గురువారం ఇల్లు కడిగేది ఆమె, ప్రసాదం చేసేది ఆమె, పిల్లలు అల్లరి చేస్తే మాట పడేదీ ఆమె. కథ సిద్ధం చేసుకోవడం మగవారి పని కావాలి. చదువు రాదనే సాకు చెల్లదు. బడికి పోయే కూతురు చదివి వినిపిస్తుంది, ఆయన విని తన మాటలో చెబుతాడు. ఆ ఒక్క రాత్రి ఆయన మద్యం దుకాణం వైపు పోకుండా ఇంట్లో ఉంటే, అసలు పాఠం అప్పుడే సగం చెప్పినట్టు.

పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబు తెలియకపోతే కసురుకునే అలవాటు కూడా మానవలసి ఉన్నది. "వచ్చే వారం కనుక్కుని చెబుతా" అనవచ్చు. గుడి పూజారిని, మఠం అయ్యవారిని, పాస్టరును, హజరత్‌ను, బడి పంతులును అడిగి తెలుసుకోవచ్చు. ఆ అడగడమే వచ్చే వారపు తయారీ.

సుగ్గికి పోయే ఇళ్ళు

ఇంత చెప్పుకున్నా, సంక్రాంతి దాటితే సగం ఇళ్ళకు తాళాలు పడే ఊళ్ళు ఈ ప్రాంతంలో ఉన్నాయి. గుంటూరు సీమ మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబాలు కొన్ని నెలలు తిరిగి రావు. ఊళ్ళో మిగిలేది అవ్వ, తాత, వారి దగ్గర వదిలిన ఒకరిద్దరు పిల్లలు. పోయేముందు చెప్పవలసిన కథ బసవపురాణంలోనే ఉన్నది. ఊరికి పోతూ తండ్రి తన చిన్న కూతురు గొడగూచికి, రోజూ గుడికి పాలు తీసుకుపోయి శివునికి ఇవ్వమని ఒప్పగిస్తాడు. దేవుడు తాగడం లేదని ఆ పిల్ల ఏడ్చి, మొండికేసి, చివరికి తాగిస్తుంది. తండ్రి ఇంట్లో లేనప్పుడు పని నిలిపిన పిల్ల కథ ఇది. లారీ ఎక్కబోయే నాయన ఒక కాగితం మీద ఎనిమిది వారాలకు ఎనిమిది కథల పేర్లు రాయించి పిల్లకు ఇచ్చిపోవచ్చు. గురువారం రాత్రి అవ్వ దగ్గర విన్న కథను ఆ పిల్ల ఫోనులో నాయనకు చెబుతుంది. పది నిమిషాలు చాలు.

తల్లిదండ్రులతోపాటే సుగ్గికి పోయిన పిల్లలకు బడీ ఉండదు, దీపమూ ఉండదు. వలస వెళ్ళేవారి పిల్లల కోసం ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు తెరిచినప్పుడు, అక్కడ వారానికొక రాత్రి కథ చెప్పడానికి ఊరి పెద్దలు వంతులు వేసుకోవచ్చు. అక్కడ అన్ని మతాల పిల్లలూ ఉంటారు కనుక వెంకన్న కథ, వరి, రాగుల తగవు వంటివి ఎంచుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. వంతుల జాబితా మాత్రం సంక్రాంతికి ముందే, పెద్దలంతా ఊళ్ళో ఉండగానే తయారు కావాలి.