ముందు టేపు తీసి తల కొలవండి

పొద్దున్నే లేచి వాంతి చేసుకున్న మూడేళ్ళ పిల్ల గంట తిరక్కుండా ఆడుకుంటుంటే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. పైత్యం అంటారు. వారం తరవాత మళ్ళీ అయితే నులిపురుగుల మందు పోస్తారు. ఆ పై వారం డాక్టరుగారు గ్యాస్ట్రిక్ సిరప్ రాస్తారు. తల్లి బెదురుతూ "తలలో గడ్డేమైనా ఉందేమో చూస్తారా సార్?" అని అడిగిందనుకోండి, జవాబు సిద్ధంగా ఉంటుంది: "అవన్నీ చాలా అరుదమ్మా. గూగుల్ చూడకండి."

వినడానికి ఇది శాస్త్రంలాగే ఉంటుంది. లెక్కా తప్పేం కాదు. మామూలు డాక్టరు తన ప్రాక్టీసు మొత్తంలో ఇలాంటి పిల్లల్ని ఒకరిద్దర్ని చూస్తే ఎక్కువ. నా పేచీ ఆ లెక్కని వాడుకునే తీరుతో. వాంతులతో వచ్చే పిల్లలందరిలో ఎందరికి కణితి ఉంటుందన్నది ఒక ప్రశ్న. రెండు వారాలుగా తెల్లవారుజామునే వాంతి చేసుకుంటూ, నిన్నమొన్నటి దాకా పరిగెత్తి ఇప్పుడు గోడ పట్టుకు నడుస్తున్న ఈ పిల్లకి ఉండే అవకాశం ఎంతన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటేస్తున్నారు.

పైగా పిల్లలకి వచ్చే క్యాన్సర్లలో రక్తక్యాన్సర్ తరవాతి స్థానం మెదడు, వెన్నుపాము కణితులదే. విడివిడిగా చూస్తే దాదాపు ప్రతి రకమూ అరుదే. కానీ బిడ్డ ఒంట్లో కనబడే గుర్తులకి ఆ రకాల పేర్లతో పెద్దగా పని లేదు. కణితి ఎక్కడ కూర్చుంది, మెదడులో నీరు పారే దారిని మూసిందా అన్నదాన్ని బట్టే చాలావరకు అవి బయటపడతాయి. రాత్రి పడుకున్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది, అందుకే వాంతి పొద్దున అవుతుంది. లేచి తిరిగితే కాస్త తగ్గుతుంది. పిల్ల ఆడుకుంటోంది కదా అన్న ధీమా మోసం చేసేది అక్కడే.

ఏడాదిలోపు బిడ్డల సంగతి మరీ మాయ. మాడు పూడి ఉండదు, పుర్రె అతుకులు గట్టిపడి ఉండవు. లోపలి ఒత్తిడికి తలే పెరిగి చోటిస్తుంది. తలనొప్పని చెప్పే నోరు ఉండదు కాబట్టి టేపే చెప్పాలి. పుట్టినప్పుడు సుమారు 35 సెంటీమీటర్లుండే తల ఏడాదికి 46 దాకా వస్తుంది. ఒక్కసారి కొలిస్తే తెలిసేది తక్కువ. వరసగా కొలిచి గీత గీస్తేనే అది ఎప్పుడు గతి తప్పిందో కనబడుతుంది. 6, 10, 14 వారాలకి, 9 నెలలకి టీకాల కోసం బిడ్డని ఎలాగూ తీసుకొస్తారు. ఎన్ని ఫైళ్ళలో తల చుట్టుకొలత రాసి ఉందో ఎవరైనా తీసి చూడొచ్చు. ఈలోగా మనం "తాత పోలిక, ఎంత పెద్ద తలో" అని మురిసిపోతుంటాం.

మన మురిపాలు అక్కడితో ఆగవు. మెల్లకన్ను అదృష్టమంటాం. హఠాత్తుగా వచ్చిన మెల్ల, కంటిని తిప్పే నరం మీద ఒత్తిడి వల్ల కావచ్చు. మెడ ఒక పక్కకి వాలిస్తే పట్టిందని నూనె రాస్తాం. ఏడాది నిండకుండానే అన్నీ ఒకే చేత్తో అందుకుంటే ఎడమచేతి వాటమంటాం. ఆ వయసుకి చేతివాటం స్థిరపడదు, రెండో చెయ్యి బలహీనపడిందేమో చూడాలి. ఇక కొందరు పసివాళ్ళు బాగానే తాగుతూ, హుషారుగా నవ్వుతూనే బొమికలు తేలేలా చిక్కిపోతారు. పక్షిదోషమని తాయెత్తు కడతారు. పాలు చాలడం లేదని తల్లినే తప్పుపడతారు. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దగ్గరి కణితి ఇలా చేయగలదని, దాన్నే డయెన్‌సెఫాలిక్ సిండ్రోమ్ అంటారని 1951 నుంచీ వైద్యానికి తెలుసు. అలాంటి చాలామందిలో కళ్ళు అదురుతుంటాయి కూడా, ఎవరైనా ఆగి చూస్తే.

"అయితే వాంతి చేసుకున్న ప్రతి బిడ్డకీ ఎంఆర్‌ఐ తీయమంటారా?" అక్కర్లేదు. ఈ వయసు పిల్లలకి చాలాసార్లు మత్తిచ్చి తీయాలి, ఖర్చూ తక్కువ కాదు. కానీ సిరప్‌కీ స్కానుకీ మధ్య చేయాల్సింది చాలా ఉంది. బిడ్డని నడిపించి చూడాలి, తల కొలవాలి, కంటి వెనక నరం పరీక్ష చేయించాలి, తగ్గకపోతే ఫలానా రోజున రమ్మని తేదీ రాసివ్వాలి. బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టి చెప్పింది దాదాపు ఇదే. వాంతులు రెండు వారాలు, తలనొప్పి నాలుగు వారాలు దాటితే ఈ కోణంలో ఆలోచించమని వయసుల వారీగా కార్డులు పంచారు. మొదటి గుర్తు కనబడ్డాక జబ్బు తేలడానికి అంతకుముందు 14 వారాలకి పైగా పట్టేది. 2013 నాటికి అది 7 వారాల లోపుకి దిగింది. ఇందుకోసం కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు.

ఇంకా గట్టి వాదన ఒకటుంది: ముందే పట్టుకున్నా ఒరిగేదేముంది? ఇందులో కొంత నిజముంది. దూకుడుగా పెరిగే కణితి తనే త్వరగా బయటపడుతుంది. మెదడు కాండంలో వ్యాపించే గ్లయోమాని ముందు పట్టినా ఇప్పటికీ పెద్దగా చేయగలిగింది లేదు. కానీ నెలల తరబడి నానేవి చాలావరకు నెమ్మదిగా పెరిగే కణితులు. చిన్నమెదడులో వచ్చే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమాని పూర్తిగా తీసేయగలిగితే ఎక్కువమంది పిల్లలు బతుకుతారు. ఈలోగా ఒత్తిడికి కంటి నరం ఎండిపోతే ఆ చూపు తిరిగి రాదు. బతికే పిల్లలకే ఆలస్యం ఎక్కువ నష్టం చేస్తోంది. బతికినవాళ్ళ శాతం ఒక్కటే చూపించి ఆలస్యాన్ని సమర్థించేవాళ్ళు ఈ పిల్లల్ని లెక్కలోకే తీసుకోరు.

అరుదన్న విషయం నిజంగా తలకెక్కించుకోవాల్సిన చోటు, తీసిన కణితి ముక్కని పరీక్షించే పాథాలజిస్టు బల్ల. ఏటీఆర్‌టీ అనే అరుదైన మెదడు కణితి ఎక్కువగా మూడేళ్ళలోపు పిల్లలకి వస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే మెడుల్లోబ్లాస్టోమా అనే మరో కణితిలాగే అనిపించవచ్చు, వైద్యం మాత్రం వేరు. ఐఎన్‌ఐ-1 అనే ప్రొటీన్ కణాల్లో ఉందో లేదో చూపే రంగు పరీక్ష చేస్తే చాలావరకు తేడా తేలిపోతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకుల బృందం 2018లో కణితుల డీఎన్‌ఏ గుర్తులతో మళ్ళీ పరీక్షించినప్పుడు 12 శాతం కేసుల్లో మొదట పెట్టిన పేరు మార్చాల్సి వచ్చింది. అంత పరీక్ష అన్నిచోట్లా దొరకదు, ఐఎన్‌ఐ-1 అలా కాదు. మూడేళ్ళలోపు బిడ్డకి మెడుల్లోబ్లాస్టోమా అని రాసి, ఆ ఒక్క పరీక్ష ఫలితం రాయని రిపోర్టు వస్తే, చికిత్స మొదలుపెట్టేముందు డాక్టరు దాన్ని వెనక్కి పంపాలి.