దిర్హాలని అప్పుడే గుణించకండి

దుబాయ్ నుంచి ఆఫర్ లెటర్ వచ్చిందనగానే మన ఇళ్ళల్లో ముందు బయటికొచ్చేది ఫోన్లో కాలిక్యులేటర్. దిర్హం రేటెంతో చూడ్డం, జీతంతో గుణించడం, వచ్చిన అంకె చూసి మురిసిపోవడం. సాయంత్రానికల్లా ఆ అంకె చుట్టాలందరికీ తెలిసిపోతుంది. ఇక "వెళ్ళాలా వద్దా" అన్న మాటే ఉండదు, "ఎప్పుడు ప్రయాణం" అన్నదే.

నేను చాలాకాలంగా దుబాయ్‌లోనే ఉంటున్నాను కదా, ఈ గుణకారమంతా అయిపోయాక నాకు ఫోనొస్తుంది. ఈమధ్య మా అక్క కొడుకు చేశాడు. హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం, చేతికి లక్షా పదివేలు వస్తుంది. కోడలు టీచరు, తనకో నలభై వేలు. బడికెళ్ళే పాప ఒకతి. దుబాయ్ కంపెనీ ఇస్తానన్నది నెలకి 12,000 దిర్హాలు.

"పిన్నీ, దిర్హం 24 అనుకున్నా రెండు లక్షల ఎనభై ఎనిమిది వేలు! పైగా ట్యాక్స్ లేదు."

"బానే ఉంది నాన్నా. ఇల్లు వాళ్ళిస్తున్నారా?"

"లేదు పిన్నీ, అన్నీ అందులోనే."

ఇదిగో, ఈ "అన్నీ అందులోనే" అన్నచోట ఆగాలి. ట్యాక్స్ లేదన్నది నిజమే, జీతం మీద అక్కడ పన్ను లేదు. 2018 నుంచి కొన్నవాటి మీద 5 శాతం వ్యాట్ ఉంది, అది పెద్ద బాధేం కాదు. మనిషిని కూలేసేది అద్దె.

మన దగ్గరలా రెండు నెలల అడ్వాన్సిచ్చి సామాను దింపేసుకుంటే సరిపోదు. అక్కడ అద్దె ఏడాదికి మాట్లాడతారు. ముందు తేదీలేసిన చెక్కులు ఇవ్వాలి. ఒకటా, రెండా, నాలుగా అన్నది ఓనరు దయ. ఎన్ని తక్కువ చెక్కులిస్తే అద్దె అంత తగ్గిస్తాడు. అల్ ఖుసైస్ వైపు సింగిల్ బెడ్రూం ఏడాదికి 60,000 దిర్హాలు అనుకుందాం (ఆ ధరకి దొరికితే నాకూ చెప్పండి). నాలుగు చెక్కులకి ఒప్పుకున్నాడే అనుకోండి, మొదటిది 15,000. డిపాజిట్ 5 శాతం, అంటే 3,000. ఏజెంటుకి ఇంకో 5 శాతం, మరో 3,000. కరెంటు, నీళ్ళ కోసం దేవా వాళ్ళకి 2,000 డిపాజిట్. ఇజారీ అని అగ్రిమెంటు రిజిస్ట్రేషను, అది చిల్లర. వెరసి 23,000 దిర్హాల పైమాట. ఐదున్నర లక్షల రూపాయలు. మొదటి జీతం ఇంకా బ్యాంకులో పడనేలేదు, మంచం కొననేలేదు!

ఇది వినగానే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "షార్జాలో తక్కువంటగా?" అన్నాడు. తక్కువే. కానీ పొద్దున్నే షార్జా నుంచి దుబాయ్‌కి కారులో వెళ్ళేవాళ్ళ మొహాలు చూడాలి ఒకసారి. దుబాయ్‌లో సాలిక్ అనే టోల్ గేటు దాటినప్పుడల్లా 4 దిర్హాలు, రద్దీ వేళల్లో 6. ఆ మిగిలిన అద్దె కాస్తా కొంత పెట్రోలుకి, కొంత నడుం నొప్పి మందులకి పోతుంది.

సరే, పెన్నూ కాయితం తీసుకోమన్నాను. రూపాయల ఊసెత్తొద్దు, అన్నీ దిర్హాల్లోనే రాయమన్నాను. అద్దె నెలకి 5,000. కరెంటు బిల్లుతో పాటే మునిసిపాలిటీ వాళ్ళ హౌసింగ్ ఫీజు వస్తుంది, ఏడాది అద్దెలో 5 శాతం, నెలకి 250. కరెంటు, నీళ్ళు, ఏసీ కలిపి 600. ఇక్కడో మాట: బిల్డింగ్ "చిల్లర్ ఫ్రీ" అవునో కాదో అడగాలి. కాకపోతే ఏసీకి విడిగా ఇంకో కంపెనీ బిల్లు పంపిస్తుంది, జూలై, ఆగస్టుల్లో అది చూస్తే ఏసీలోనే చెమటలు పడతాయి. నెట్టూ ఫోన్లూ 550. తిండి 1,800, అదీ శుక్రవారం శుక్రవారం కరామాలో బిర్యానీ తినకుండా ఉంటేనే. పాప బడి, బస్సుతో కలిపి 1,400. మన సీబీఎస్ఈ బళ్ళు కాబట్టి అంతలో అవుతుంది, బ్రిటిష్ సిలబస్ వైపు చూడకూడదు. ఏ బడి ఫీజెంతో కేహెచ్‌డీఏ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ వెబ్‌సైట్లో ఉంటుంది, వాళ్ళనీ వీళ్ళనీ అడగక్కర్లేదు. రాకపోకలకి 800. పెళ్ళాం పిల్లల వీసాలు, హెల్త్ ఇన్సూరెన్స్, ఏడాదికోసారి టిక్కెట్లు కలిపి నెలకి 700 పడుతుంది. ఎందుకంటే కంపెనీ ఇన్సూరెన్స్ చేయించాల్సింది ఉద్యోగికే, ఇంట్లోవాళ్ళకి మనమే చేయించుకోవాలి. టిక్కెట్టు కూడా చాలా కంపెనీలు వాడొక్కడికే ఇస్తాయి.

కూడితే 11,100. మిగిలింది 900. ఇప్పుడు గుణించుకోమన్నాను. ఇరవై ఒక్క వేల ఆరొందల రూపాయలు.

"మరి కోడలి జీతమో?" అని నేను అడగలేదు, పక్కనుంచి కోడలే అడిగింది. హైదరాబాద్‌లో మానేస్తే నలభై వేలు పోయినట్టే, అక్కడ ఉద్యోగం ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. వీడికి ఇక్కడ పడే పీఎఫ్ కూడా ఆగిపోతుంది. కుటుంబాన్ని తెచ్చుకోడానికి 4,000 దిర్హాల జీతం ఉంటే చాలంటుంది అక్కడి ప్రభుత్వం. అది వీసా ఇవ్వడానికి పెట్టుకున్న లెక్క, ఆ డబ్బుతో ఇల్లు గడుస్తుందని వాళ్ళేం చెప్పలేదు.

ఒక్కడే వెళ్ళి, ఎవరితోనో గది పంచుకుంటే కథ మారిపోతుంది. నెలకి ఏడెనిమిది వేల దిర్హాలు మిగిలినా మిగులుతాయి. అంటే ఈ 12,000 ఒంటరివాడికి మంచి ఆఫరు, సంసారికి బొటాబొటి. ఒకే కాయితం!

అసలు ఆ కాయితం ఎవరూ సరిగా చదవరండీ. 12,000లో బేసిక్ ఎంత అని అడిగితే వెతికి 5,000 అన్నాడు. మిగతాదంతా హౌసింగ్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సులు. అక్కడ పీఎఫ్ బదులు గ్రాట్యుటీ ఇస్తారు, ఏడాది నిండాక. మొదటి ఐదేళ్ళూ ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత నుంచి 30 రోజులది. 5,000 బేసిక్‌కి ఏడాదికి 3,500 వస్తుంది. అదే బేసిక్ 8,000 అయితే 5,600. ఐదేళ్ళకి తేడా 10,500 దిర్హాలు, రెండున్నర లక్షల రూపాయలు. మొత్తం జీతం రెండింటా 12,000యే! కంపెనీ మెయిల్లో పంపే ఆఫర్ ఒకటి, అక్కడి కార్మిక శాఖ పేరుతో సంతకం పెట్టించే ఆఫర్ లెటర్ ఇంకొకటి. రెండిట్లో బేసిక్ ఒకటేనా అని పక్కపక్కన పెట్టుకుని చూడండి.

"రూపాయి పడిపోతోంది కదా, రాను రాను మనకే లాభం" అనే బాబాయిలు ప్రతి ఇంట్లో ఉంటారు. దిర్హం 1997 నుంచి డాలరుకి 3.6725 దగ్గర కట్టేసి ఉంది, నిజమే. రూపాయి పడితే లాభపడేది మనం పంపే దిర్హాలే. పంపడానికి 900 మిగిలినవాడికి ఆ పడడంలో ఒరిగేదేముంది?

ట్యాక్స్ సంగతిలో కూడా ఒక మెలిక ఉంది. ఏప్రిల్ నుంచి లెక్కేసుకుని 182 రోజులు ఇండియాలో గడిపేశాక విమానం ఎక్కితే, ఆ ఏడాదికి ఇంకా ఇక్కడి రెసిడెంటే. మార్చి దాకా వచ్చిన దుబాయ్ జీతం ఇక్కడి రిటర్నులో చూపించాల్సిందే.

ఇదంతా కాస్త చదువుకున్నవాళ్ళ బాధ. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే కుర్రాళ్ళ లెక్క ఇంకా ఘోరం. 1,200 దిర్హాల జీతం, క్యాంపులో గది కంపెనీదే, తిండి మనదే. తిండికి 400 పోతే 800, అంటే 19,200 రూపాయలు. ఊళ్ళో ఏజెంటుకి లక్షన్నర కట్టి వచ్చుంటాడు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. ఇంటికి పైసా పంపకుండా మొత్తం కట్టినా తొమ్మిదో నెలకి గానీ ఆ అప్పు తీరదు. రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద తీసుకోవాల్సింది 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. వీసా ఖర్చు భరించాల్సింది కంపెనీ. ఈ-మైగ్రేట్ సైట్లో ఏజెంటు పేరుందో లేదో ముందు చూసుకోవాలి. విజిట్ వీసా మీద పంపించి, అక్కడికెళ్ళాక మార్పిస్తామన్నవాడి మొహం మళ్ళీ చూడకూడదు.

మావాడు భయపడుతూనే కంపెనీకి రాశాడు. బేసిక్ 7,000 చెయ్యమన్నాడు, ఇంటికి అడ్వాన్సిమ్మన్నాడు. అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని వాడి బెంగ. అడిగినందుకు తీసుకునేవాళ్ళయితే పీడా పోయిందనుకోమన్నాను. బేసిక్ కుదరదన్నారు. ఏడాది అద్దె మాత్రం ముందిస్తాం, నెలనెలా జీతంలో కోసుకుంటాం అన్నారు. దాంతో ఒకే చెక్కు ఇవ్వొచ్చు, అద్దె కొంచెం బేరమాడొచ్చు. కానీ మన బళ్ళు అక్కడా ఏప్రిల్లోనే మొదలు, మధ్యలో సీటు కష్టం. అందుకని ముందు వీడొక్కడే వస్తున్నాడు. వచ్చే మార్చి దాకా ఎంత మిగిలిందో చూసి, కోడలు రాజీనామా సంగతి తేలుస్తుందట.