షెరీఫ్ ఆఫీసులో ఉద్యోగం: ప్రకటన ఒక్కటే చూస్తే చాలదు

'షెరీఫ్' అన్న మాట వింటే మన ఇళ్లల్లో ముందు గుర్తొచ్చేది 'షరీఫ్'. అంటే మర్యాదస్తుడు. నిజానికి ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. షెరీఫ్ పాత ఇంగ్లీషు మాట, జిల్లా అధికారి అని దాని అర్థం. అమెరికాలో ఈ రోజుకీ కౌంటీకి పెద్ద పోలీసు ఆయనే. షికాగోలోనో, హ్యూస్టన్‌లోనో పుట్టి పెరిగిన బిడ్డ "అమ్మీ, షెరీఫ్ ఆఫీసుకి అప్లై చేస్తున్నా" అంటే ఇంట్లో ఏమనాలి? సంతోషించాలా, భయపడాలా? ఆ ఉద్యోగం ఏమిటో తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

మన దగ్గర కానిస్టేబుల్ కావాలంటే రాష్ట్రం మొత్తానికి ఒకే నియామక మండలి ఉంటుంది. ఒకే నోటిఫికేషన్, ముందు ప్రాథమిక రాత పరీక్ష, ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలు, చివర్లో తుది రాత పరీక్ష. అక్కడ అలా కాదు. దేశంలో మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి, ఏ కౌంటీ నియామకాలు ఆ కౌంటీవే. పైగా షెరీఫ్‌ను ప్రభుత్వం నియమించదు, ఎక్కువ చోట్ల జనమే ఓటేసి ఎన్నుకుంటారు. కొన్ని కౌంటీల్లో ఎంపిక చూడటానికి మెరిట్ బోర్డులు ఉన్నా, ఆఫీసు ఎలా నడవాలన్నది చాలావరకు ఆ ఒక్క మనిషి చేతిలోనే ఉంటుంది.

ఉద్యోగాలంటే తుపాకీ, కారు మాత్రమే కాదు. జిల్లా జైలు నడిపేది షెరీఫే. కోర్టు భద్రత, సమన్లు అందించడం, ఇళ్లు ఖాళీ చేయించే ఉత్తర్వుల అమలు కూడా సాధారణంగా ఆయన పనే. అందుకే జైలు అధికారులు, 911 కాల్స్ తీసుకునేవాళ్లు, నర్సులు, అకౌంటెంట్లు, కంప్యూటర్ పనివాళ్లు కూడా కావాలి. చాలామంది ముందు జైలులో చేరి, తర్వాత డిప్యూటీలవుతారు. టెక్సాస్‌లో జైలు అధికారికి 18 ఏళ్లు చాలు. డిప్యూటీకి సాధారణంగా 21 ఏళ్లు నిండాలి, సుమారు 700 గంటల శిక్షణ, రాష్ట్ర లైసెన్సు ఉండాలి.

పౌరసత్వం సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్ సాధారణంగా అమెరికా పౌరసత్వం అడుగుతుంది. కాలిఫోర్నియా 2023 నుంచి, ఇల్లినాయి 2024 నుంచి చట్టబద్ధంగా పనిచేసే హక్కున్న వాళ్లకూ పోలీసు ఉద్యోగాల తలుపు తెరిచాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది. హెచ్-1బీ మీద వెళ్లినవాళ్లకు మాత్రం ఇది దారి కాదు.

మనవాళ్లు జాగ్రత్తపడాల్సింది గత చరిత్ర విచారణ దగ్గర. వేలిముద్రలు, అప్పులు, పాత ఉద్యోగాలు, ఇరుగుపొరుగు మాట అన్నీ చూస్తారు. చిన్న తప్పు ఉన్నా ఒప్పుకుంటే కొన్నిసార్లు వదిలేస్తారు, దాచిపెట్టి దొరికితే మాత్రం దాదాపు అక్కడితో సరి. మన పేర్లతో ఇంకో తంటా ఉంది. పదో తరగతి మెమోలో 'ఎండీ', పాస్‌పోర్టులో 'మొహమ్మద్', పెళ్లి పత్రంలో 'మహమ్మద్'. ఇవన్నీ ఒకే మనిషివని చూపే కాగితాలు ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఇక గడ్డం, హిజాబ్. ఇక్కడ చట్టం కొంత మారింది. న్యూవార్క్ పోలీసు శాఖ చర్మవ్యాధి ఉన్నవాళ్లకు గడ్డం అనుమతించి, ముస్లిం అధికారులకు వద్దంది. 1999లో ఫెడరల్ అప్పీల్ కోర్టు అది చెల్లదని చెప్పింది. కానీ 2009లో అదే కోర్టు ఫిలడెల్ఫియాలో హిజాబ్ అడిగిన మహిళా పోలీసుకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. 2023 జూన్‌లో ఒక క్రైస్తవ తపాలా ఉద్యోగి ఆదివారం సెలవు కేసులో సుప్రీంకోర్టు ప్రమాణాన్ని పెంచింది. ఉద్యోగి మత ఆచారానికి చోటివ్వలేమంటే, దానివల్ల తమకు గణనీయమైన భారం పడుతుందని యజమాని చూపించాలి. జుమా నమాజ్‌కు సమయం అడిగేవాళ్లకూ ఈ తీర్పు అండగా ఉంటుంది. అయినా కోర్టుకెళ్లడానికి ఏళ్లు పడుతుంది. షెరీఫ్ మనసుపెడితే ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది.

దానికి సాక్ష్యం హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీ. అక్కడ దొంగతనం జరిగిందని పిలిచిన సిక్కు కుటుంబాన్నే డిప్యూటీలు అనుమానితుల్లా చూశారన్న ఫిర్యాదు వచ్చింది. కొత్తగా వచ్చిన షెరీఫ్ ఆ సమాజంతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ పరిచయంతోనే సందీప్ సింగ్ ధలీవాల్ జైలు అధికారిగా చేరి, తర్వాత డిప్యూటీ అయ్యారు. 2015లో తలపాగా, గడ్డంతో యూనిఫాం వేసుకునే అనుమతి పొందారు. 2019 సెప్టెంబర్‌లో ఒక కారును ఆపినప్పుడు కాల్పుల్లో చనిపోయారు. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఒక పోస్టాఫీసుకు ఆయన పేరుంది. ఈ ఉద్యోగంలో ఇజ్జత్ ఎంతో, ప్రమాదం ఎంతో ఆ ఒక్క జీవితం చెబుతుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. వలసదారులను పట్టుకునే ఫెడరల్ సంస్థ ఐస్‌తో కొన్ని షెరీఫ్ ఆఫీసులు '287(జి)' ఒప్పందం చేసుకుంటాయి. అప్పుడు జైలు సిబ్బందే ఖైదీల వీసా పరిస్థితి చూసి ఐస్‌కు అప్పగించే పని చేస్తారు. హారిస్ కౌంటీ షెరీఫ్ 2017లో ఆ ఒప్పందం రద్దుచేసుకున్నారు. కానీ టెక్సాస్ 2025లో తెచ్చిన చట్టం జైళ్లు నడిపే షెరీఫ్‌లు అలాంటి ఒప్పందం చేసుకోవాలంటోంది. ఇల్లినాయిది వేరే దారి. 2017 నాటి ట్రస్ట్ చట్టం ప్రకారం కేవలం ఇమిగ్రేషన్ కారణంతో స్థానిక పోలీసులు ఎవరినీ పట్టి ఉంచకూడదు.

అంటే ఒకే యూనిఫాం, ఒకే పేరున్న ఉద్యోగం, షికాగోలో ఒక పని, డాలస్‌లో ఇంకో పని. మన బిడ్డ జైలు కౌంటర్ దగ్గర కూర్చున్న రాత్రి, వీసా గడువు దాటిన మన ఊరి కుర్రాడినే తీసుకొస్తే? ఆ ప్రశ్న ఉద్యోగంలో చేరాక కాదు, దరఖాస్తు పెట్టకముందే వేసుకోవాలి. "మనవాళ్లు లోపల ఉంటేనే కదా మంచిది" అనేవాళ్ల మాటలో నిజముంది. ఉర్దూ, తెలుగు తెలిసిన మనిషి 911 ఫోన్ దగ్గర ఉంటే ఒక ప్రాణం నిలవొచ్చు. "చట్టం చేసేది పైవాళ్లు, చేతులు మాత్రం మనవి" అనే భయంలోనూ నిజముంది.

అందుకే బిడ్డను ఆపమనీ, తొయ్యమనీ చెప్పలేం. ఇంటర్వ్యూలో బిడ్డ అడగాల్సినవి మాత్రం మూడున్నాయి. నన్ను ఏ విభాగంలో వేస్తారు? ఐస్‌తో ఒప్పందం ఉందా? గడ్డం, హిజాబ్ మీద రాసిపెట్టిన నియమం ఏమిటి? తల్లిదండ్రులు చేయాల్సిన పని ఇంకొకటి. పౌరసత్వం వచ్చినవాళ్లు అధ్యక్షుడికి ఓటేసి, బ్యాలెట్ కింద ఉన్న షెరీఫ్ వరుసను ఖాళీగా వదిలేయకూడదు. షికాగో ఉన్న కుక్ కౌంటీలో ఆ ఎన్నిక 2026లో, టెక్సాస్‌లో 2028లో. మన బిడ్డకు బాస్ ఎవరో తేలేది ఆ వరుసలోనే.