వాళ్ల అమ్మలు ఏం పాడతారో అడుగుదాం

యెమన్ పాట వినాలంటే హైదరాబాద్ వాళ్లు సనా దాకా పోనక్కర్లేదు. టోలీచౌకీ దాకా పోతే చాలు. ఉస్మానియాలో, ఇఫ్లూలో, ఇంకా బోలెడు కాలేజీల్లో చదువుకోడానికి యెమన్, సూడాన్, సోమాలియా, ఇరాన్, అఫ్ఘానిస్తాన్ నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి మన మొహల్లాల్లోనే ఉంటున్నారు. మన కిరానా దుకాణంలోనే పాలు కొంటున్నారు. మన మసీదులో మన పక్క సఫ్‌లోనే నిలబడుతున్నారు. వాళ్లు సలాం చెబితే వలైకుమ్ అస్సలాం అంటాం. ఆ తర్వాత మాట ఉండదు. మహా అయితే "కిరాయి ఎంత ఇస్తున్నావ్ భాయ్?" అని అడుగుతాం.

ఇంత దగ్గర ఉన్న తాలీమ్‌ను మనం చేజేతులా పోగొట్టుకుంటున్నామని నా రాయ్. మన పిల్లలకు దునియా చూపించాలని లక్షలు పోసి ఇంటర్నేషనల్ స్కూళ్లలో చేర్పిస్తున్నాం. ఆ దునియా మెట్ల మీద చెప్పులు విడిచి పై పోర్షన్‌లోకి పోతుంటే మాత్రం పలకరించం.

"ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో దొరుకుతాయి కదా, వీళ్లను అడగడం దేనికి?" అని మా అబ్బాయి అన్నాడు. దొరుకుతాయి, నిజమే. కానీ యూట్యూబ్ పాట వినిపిస్తుందే గానీ, ఆ పాట ఏ ఇంట్లో, ఏ వేళప్పుడు, ఎవరు పాడతారో చెప్పదు. పాట వింటూ ఎవరి కళ్లు తడుస్తాయో అసలే చెప్పదు. అది మనిషిని అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

అడగడానికీ ఒక తరీకా ఉంది. "మీ దేశంలో ఫేమస్ సింగర్ ఎవరు?" అంటే రెండు పేర్లు చెప్పి ఊరుకుంటారు. నేను మూడు సవాళ్లు అడుగుతుంటాను. మీ అమ్మ పిల్లల్ని ఏం పాడి నిద్రపుచ్చుతుంది? మీ షాదీల్లో ఆడవాళ్లు ఏం పాడతారు? రమజాన్‌లో సహెరీకి మిమ్మల్ని ఎవరు లేపుతారు? ఈ మూడూ అడిగి చూడండి. అప్పటిదాకా అంగ్రేజీలో రెండు ముక్కలు మాట్లాడిన పిల్లవాడు అరగంట ఆగకుండా మాట్లాడతాడు.

ఒక యెమనీ కుర్రాడిని షాదీల గురించి అడిగితే, జవాబు చెప్పకుండా మా ఆవిడను స్టీలు పళ్లెం ఇమ్మన్నాడు. దాన్ని రెండు బొటనవేళ్ల మీద నిలబెట్టి, మిగిలిన ఎనిమిది వేళ్లతో మెల్లగా వాయించాడు. సనాలో రాగి పళ్లెం వాడతారట. షాదీల్లో, మధ్యాహ్నం మజ్లిసుల్లో ఒకరు ఊద్ లాంటి చిన్న తంత్రీవాద్యం మీటుతూ పాడతారు, పక్కన ఈ పళ్లెం మోగుతుంది. ఇదే 'సనా గానం'. యునెస్కో దీన్ని 2003లోనే మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. అన్నం పెట్టే పళ్లెంతో ఇంత నాజూకు మౌసిఖీ పుడుతుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

అతన్ని బార్కస్ తీసుకుపోయాను. నిజాం ఫౌజులో కొలువుకి హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారెక్సే కదా మన నోట బార్కస్ అయింది! అక్కడి బారాత్‌లో మర్ఫా మోగుతుంటే అతను నవ్వుతూ నిలబడిపోయాడు. హైదరాబాద్ షాదీ అంటే మర్ఫా ఉండాల్సిందే అని మనం అనుకుంటాం. ఆ మర్ఫా యెమన్ అరబ్బుల చేతుల్లో, ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డ ఆఫ్రికా సిద్దీల చేతుల్లో పెరిగింది. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. మన బారాత్‌లో డప్పు కొట్టేది ఆఫ్రికా, అరేబియా అయినప్పుడు, ఆఫ్రికా కుర్రాడు ఇల్లు కిరాయికి అడిగితే తలుపు వేసుకోవడం ఏ రకం అదబ్?

సూడాన్ పిల్లల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. వాళ్లు మాట్లాడేది అరబీయే, కానీ వాళ్ల పాట ఈజిప్టు పాటలా ఉండదు. సూడాన్ పాట ఎక్కువగా ఐదు స్వరాల మీద నడుస్తుంది. మన మోహన రాగం విన్నవాళ్లకు అది వెంటనే దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. అక్కడి పెద్ద గాయకుడు ముహమ్మద్ వర్దీ నూబియా ప్రాంతం వాడు. అరబీలోనూ పాడాడు, తన మాదరీ జబాన్ నూబియన్‌లోనూ పాడాడు. 1989 ఫౌజీ తిరుగుబాటు తర్వాత చాలా ఏళ్లు పరదేశంలో బతికాడు. 2012లో చనిపోయాడు. ఒమ్‌దుర్మాన్‌లో షేక్ హమద్ అల్ నీల్ మజార్ దగ్గర ప్రతి జుమా సాయంత్రం దర్వేషులు డోళ్లు కొడుతూ జిక్ర్ చేసేవారని ఒక అమ్మాయి చెప్పింది. మన దర్గాల్లో ఖవ్వాలీ విన్నవాళ్లకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

ఇక జాంజిబార్. అక్కడి తారబ్ పాట పేరు అరబీది, జబాన్ స్వాహిలీది. 19వ శతాబ్దంలో సుల్తాన్ బర్గష్ తన దర్బారు మనిషిని ఖానూన్ వాద్యం నేర్చుకు రమ్మని ఈజిప్టు పంపించాడట. అలా దర్బారులో మొదలైన గానాన్ని గల్లీలోకి తెచ్చింది సితీ బింత్ సాద్ అనే ఆడమనిషి. కుండలు చేసుకుని బతికే పేద ఇంటి బిడ్డ. 1928లో ఆమె స్వాహిలీలో పాడిన పాటలు గ్రామఫోన్ రికార్డులు అయ్యాయి. ఎక్కడో తెలుసా? మన బంబైలో! ఓడ ఎక్కి సముద్రం దాటి వచ్చి పాడి పోయింది. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ మాట చెబితే, "మీ దేశానికి నాకంటే ముందు మా పాట వచ్చిందన్నమాట" అన్నాడు.

మన పాటలు అటు పోయిన కిస్సా కూడా ఉంది. ఉత్తర నైజీరియాలో హౌసా ముస్లింలకు హిందీ సినిమాలంటే ప్రాణం. కానో నగరంలో కొన్ని సూఫీ బృందాలు హిందీ సినిమా పాటల ట్యూన్లు తీసుకుని, మాటలు తీసేసి, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మీద తారీఫ్ హౌసా భాషలో రాసుకుని బందిరీ డోళ్ల మీద పాడతాయి. మనకు ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, సినిమా ట్యూన్‌లో నాత్ కట్టి పాడేవాళ్లు మన ఊళ్లలో లేరా?

ఇండొనేషియా అమ్మాయి చెప్పిన సంగతి విని మా ఖాలా నమ్మనే లేదు. జావా ద్వీపంలో యోగ్యకర్త, సోలో నగరాల్లో మీలాద్ రోజులొస్తే రాజుగారి కోటలోని ప్రత్యేకమైన గామెలాన్ వాద్యాలను ఊరేగించుకుంటూ తెచ్చి పెద్ద మసీదు ఆవరణలో పెట్టి వారం రోజులు వాయిస్తారు. అవి పెద్ద పెద్ద కంచు గంటలు, పళ్లేలు. ఆ పండగను సెకాతెన్ అంటారు. ఆ పేరు షహాదతైన్ నుంచి వచ్చిందని వాళ్ల నమ్మకం. ఇస్లాం జావాకు వచ్చినప్పుడు అక్కడి వలీలు జనం పాటను పారేయమనలేదు, దాంట్లోనే దీన్ మాట చెప్పారని ఆమె అన్నది. పశ్చిమ ఆఫ్రికాలో మాలీ, సెనెగల్ వైపు సొరబుర్రకు తోలు కట్టి 21 తీగలతో కోరా అనే వాద్యం చేస్తారు. దాన్ని వాయించే ఖాందాన్లు తరతరాల వంశావళి నోటితో చెబుతాయి. మన పిచ్చుకుంట్ల వాళ్లు చెప్పేది ఇదే కదా!

ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఒకటి అర్థమైంది. అసలు ముసల్మాన్ పాట అంటూ ఒకే మూస లేదు. సూడాన్ వాళ్లు సూడాన్ స్వరాల్లో, జావా వాళ్లు జావా గంటల మీద, హౌసా వాళ్లు హౌసాలో పాడుకుంటారు. ఎవరూ తమ జబాన్ తక్కువ అనుకోవడం లేదు. అనుమానమంతా మనకే. ఇంట్లో తెలుగు మాట్లాడితే ఉర్దూ వాళ్లు 'అస్లీ' కాదంటారని, దక్కనీ మాట్లాడితే లఖ్నవీ వాళ్లు నవ్వుతారని, రెండూ కలిపితే అటూ ఇటూ కాకుండా పోతామని. దూదేకుల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ బాధ ఇంకా బాగా తెలుసు. ఒక యెమనీ విద్యార్థి నన్ను "నీ మాదరీ జబాన్ ఏది?" అని అడిగితే "తెలుగు" అన్నాను. "అయితే మీ తెలుగులో మీ పాటలు పాడు" అన్నాడు. అరబ్బు మనిషి అరబీ పాట పాడమని అడగలేదు.

మనకు ఏం తక్కువ? ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం వాయించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు తాత అయ్యారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఊరూరా పెళ్లిళ్లలో సన్నాయి ఊదింది దూదేకుల ఉస్తాదులే. పీర్ల పండక్కి మన పల్లెల్లో హిందువులు కూడా తెలుగులో హసన్, హుసేన్ల పాటలు పాడతారు. హైదరాబాద్ షాదీల్లో ఆడవాళ్లు ఢోలక్ కే గీత్ పాడుతూ సమ్‌ధన్‌ను కడుపుబ్బ నవ్వించేవాళ్లు. విదేశీ పిల్లలు మనల్ని తిరిగి "మీ ఇంట్లో ఏం పాడతారు?" అని అడిగినప్పుడు చెప్పడానికి ఇంత సామాను ఉంది.

"మౌసిఖీ హరామ్ కదా, ఇవన్నీ దేనికి?" అనే భాయిలు ఉంటారు. నేను ముఫ్తీని కాదు, ఫత్వా ఇచ్చే పని నాది కాదు. వాద్యాల విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ పాతదే. మీ ఇంట్లో వాద్యం వద్దనుకుంటే అది మీ ఇష్టం, దానికి ఇజ్జత్ ఇవ్వాలి. కానీ అమ్మ జోలపాటకు వాద్యం అక్కర్లేదు. నికాహ్‌లో దఫ్ వాయించడాన్ని కాదన్న పెద్దలు తక్కువ. హమ్ద్, నాత్ ప్రతి దేశంలో ఉన్నాయి. మనిషిని అతని పాట గురించి అడగడం అంటే అతని ఇంటి ఖైరియత్ అడగడమే. అందులో గునా ఏముంది?

ఇంకో అభ్యంతరం ఎక్కువగా చెవిలో చెబుతారు. "వాళ్లు మంచోళ్లు కాదు, రాత్రిళ్లు తిరుగుతారు, డ్రగ్స్ కేసులు వింటున్నాం కదా" అని. ఎవడో ఒకడు తప్పు చేస్తే పోలీసులు చూసుకుంటారు. ఒకడి తప్పు మొత్తం కౌమ్‌కు పూయడం ఎంత జుల్మో మనకంటే బాగా ఎవరికి తెలుసు? "ముసల్మానులకు ఇల్లు ఇవ్వం" అన్న మాట విన్న మనమే, నల్లగా ఉన్నాడని ఒక చదువుకునే బిడ్డకు ఇల్లు ఇవ్వకపోతే ఎలా? నాకు తెలిసిన ఒక ఇంటాయన సూడాన్ కుర్రాడి దగ్గర పక్కింటి వాళ్లకంటే రెట్టింపు అడ్వాన్స్ తీసుకున్నాడు. ఆ ఇంటాయన జుమాకు ముందు సఫ్‌లోనే కూర్చుంటాడు.

ఈ పిల్లల్లో చాలామంది వెనక్కి పోవడానికి ఇల్లు లేనివాళ్లని మరిచిపోవద్దు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో జంగ్ మొదలైంది. యెమన్‌లో అంతకు చాలా ముందే మొదలైంది. 2021లో తాలిబాన్లు మళ్లీ వచ్చాక అఫ్ఘానిస్తాన్‌లో వాద్యాలు మూగబోయాయి. కాబూల్ సంగీత పాఠశాల పిల్లలు, ఉస్తాదులు దేశం వదిలి పోర్చుగల్‌లో పనాహ్ తీసుకున్నారు. మన సరోద్‌కు పూర్వీకురాలు అని చెప్పుకునే రబాబ్ పుట్టింట్లో ఇదీ హాల్. అలాంటి బిడ్డను "మీ అమ్మ ఏం పాడేది?" అని అడిగితే, అతనికి ఇంకా ఇల్లు ఉందని గుర్తుచేసినట్టే.

సోమాలీల కిస్సా ఒకటి చెప్పి మన ఇంటి సంగతికి వస్తాను. 1988లో హర్గేసా నగరం మీద సొంత ప్రభుత్వమే బాంబులు వేసింది. అప్పుడు అక్కడి రేడియో వాళ్లు, పాటంటే ప్రాణమైన వాళ్లు క్యాసెట్లను మట్టిలో పాతిపెట్టి దాచారు. తర్వాత తవ్వి తీశారు. ఈ రోజు హర్గేసాలోని సాంస్కృతిక కేంద్రంలో వేల క్యాసెట్లు భద్రంగా ఉన్నాయి. నెత్తిన బాంబులు పడుతుంటే వాళ్లు పాటలు దాచుకున్నారు. మన మీద ఏ బాంబూ పడలేదు, అయినా మన నానీల పాటలు పోతున్నాయి. షాదీఖానాలో డీజే పెట్టాక ఢోలక్ అటక ఎక్కింది. ఆ పాటలు తెలిసిన ముసలమ్మలు ఏడాదికి ఇద్దరు ముగ్గురు చొప్పున అల్లాహ్‌కు ప్యారే అవుతున్నారు.

అందుకే నేను అడిగేది పెద్ద పనేం కాదు. ఈ రమజాన్‌లో ఒక్క ఇఫ్తార్‌కు మీ గల్లీలో ఉన్న పరదేశీ విద్యార్థిని పిలవండి. అమ్మాయి అయితే ఇంట్లో ఆడవాళ్లతో పిలిపించండి. హలీం పెట్టండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, ఆ మూడు సవాళ్లు అడగనివ్వండి. అతను పాడితే వినండి, సిగ్గుపడితే బలవంతం చేయొద్దు. తర్వాత అతను మీ పాట అడుగుతాడు. అప్పుడు నానీని పిలవండి. ఆమె దక్కనీలో పాడినా, తెలుగులో పాడినా, రెండూ కలిపి పాడినా సరే, ఫోన్‌లో రికార్డు చేయండి. పాట కింద ఆమె పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడేవాళ్లో రాసి పెట్టండి.