బోరుకొచ్చిన బండి

బోరు అనే మాటకు మనలో ఎన్ని అర్థాలున్నాయో చూడండి. నా ఛందస్సు పాఠం వింటే కుర్రవాళ్ళకు బోరు కొడుతుంది. బొమ్మ విరిగిన పిల్ల బోరున ఏడుస్తుంది. మెట్ట రైతు పొలంలో బోరు వేయిస్తాడు. బెజవాడ ఆటోనగరులో మాత్రం బండి ‘బోరుకొస్తుంది’. ఈ నాలుగో అర్థం నాకు బోధపరచింది మా బావ కాంటెస్సా కారు.

కాంటెస్సా అంటే ఒకప్పుడు దర్జా. హిందుస్తాన్ మోటార్సు వారు ఇంగ్లండులోని వాక్స్‌హాల్ బండి రూపం తెచ్చి 1984లో దీన్ని రోడ్డెక్కించారు. మొదట అంబాసిడరుకుండే 1489 సి.సి. ఇంజనే దీనికీ బిగించారు. శరీరం ఏనుగు, గుండె కుందేలు! తరువాత జపానువారి ఇసుజు 1817 సి.సి. ఇంజను, అయిదు గేర్లు వచ్చాక గాని దానికి పరుగు రాలేదు. తయారీ 2002లో ఆగిపోయింది. ఇప్పుడది పడుచూ కాదు, ముత్తాతా కాదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ‘వింటేజి’ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్ళు నిండాలి మరి.

కంకిపాడు దగ్గర మా అక్కగారింట్లో ఉన్నది ఈ ఇసుజు రకమే. గత ఏడు దాని వెనక నీలంపొగ మొదలైంది. నల్లపొగ వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు; ఆగకుండా తెల్లపొగ వస్తే నీళ్ళు లోపలికి దిగుతున్నట్టు; నీలంపొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి ఒక పెద్దమనిషి, పాత బండ్ల మోజున్నవాడు, మంచి ధరకు కొంటానని కబురు చేశాడు.

“గట్టి ఆయిలు పోసెయ్యండి. నెల్లాళ్ళు పొగ కనబడదు. ఈలోగా బేరం తెగ్గొట్టండి” అని ఎవరో మా బావకు చెప్పారు. సలహా అబద్ధం కాదు. చిక్కటి ఆయిలు సందుల్లో కాస్త నిలుస్తుంది; పొగ తగ్గుతుంది; రోగం అలాగే ఉంటుంది.

మా అక్క కూర తరుగుతూ, “పిల్లకు మూర్ఛ ఉన్నదని చెప్పకుండా పెళ్ళి చేసినట్టు కాదుటండీ?” అన్నది. బావ జవాబు చెప్పలేదు. మర్నాడు నాకు ఫోను చేసి, “ఏమోయ్, ఆటోనగరులో మంచి మేస్త్రి ఎవరైనా ఉన్నాడా?” అన్నాడు.

మేస్త్రి ముందు ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడి కొలిచాడు. తరువాత ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిలు పోసి మళ్ళీ కొలిచాడు. ముల్లు పైకి లేచింది.

“చూశారా మాష్టారూ! లోపం వాల్వుల్లో ఉంటే ముల్లు కదిలేది కాదు. రింగులూ గోడలూ అరిగినాయి. బోరుకొచ్చింది” అన్నాడు.

అరగక ఏం చేస్తుంది చెప్పండి! ఈ ఇంజనులో పిస్టను ఒక్క దూకుకు 82 మిల్లీమీటర్లు నడుస్తుంది. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగితే పిస్టను 5000 సార్లు ఎక్కి దిగుతుంది. అంటే నిమిషానికి 820 మీటర్లు! ఎప్పుడూ ఉన్నచోటనే.

హెడ్డు విప్పాక సిలిండరును డయలుగేజితో కొలిచారు. కొత్తలో వెడల్పు 84 మి.మీ. ఇప్పుడు అడుగున 84.06, పైభాగాన 84.28. పైనే ఎందుకు ఎక్కువ? పిస్టను పైకి వెళ్ళి ఒక్క క్షణం ఆగి వెనక్కి మళ్ళుతుంది. మంట అక్కడే, ఒత్తిడి అక్కడే. ఆయిలు పొర పలచబడేదీ అక్కడే.

“రింగులు మాత్రం మారిస్తే ఖర్చు నాలుగో వంతుతో పోతుంది” అన్నాడు మేస్త్రి. “కాని గుండ్రం తప్పిన గోడకు గుండ్రటి రింగు ఎట్లా అతుకుతుంది? మళ్ళీ పొగే. ఏం చెయ్యమంటారు?”

బావ నా ముఖం చూశాడు. తర్వాత తానే, “పూర్తిగా చెయ్యి” అన్నాడు.

పిస్టన్ల సెట్టు దొరకడానికే మూడు వారాలు పట్టింది. సిలిండర్లను 84.5కు కోశారు. ఇంజను సుమారు 22 సి.సి. పెరిగింది! కోశాక గోడలు అద్దంలా మెరవాలనుకుంటాం, అది పొరపాటు. హోనింగు రాయితో సన్నని అడ్డగీతలు పెడతారు. ఆ గీతల్లోనే ఆయిలు నిలుస్తుంది. క్రాంకు షాఫ్టునూ సాపు చేయించి, తగ్గిన మేరకు మందం పెరిగిన బేరింగులు వేశారు. వాల్వులను మందు రాసి నూరి కూర్చోబెట్టారు. రింగుల మూతులన్నీ ఒకే వరుసలోకి రాకుండా తిప్పి పెట్టారు; లేకపోతే ఒత్తిడికి దారి ఇచ్చినట్టే. హెడ్డు బోల్టులను చేతివాటంగా కాక టార్కు పానాతో, నడిమి నుంచి చివరలకు, విడతలు విడతలుగా బిగించారు.

బోరు చేసిన బండి టైఫాయిడు తేరుకున్న మనిషి వంటిది. పథ్యం తప్పకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు పూర్తి వేగం కూడదు. అలాగని నిలబెట్టి గంటలకొద్దీ ఉత్తినే ఆడించనూ కూడదు. వేగం మారుస్తూ, మితమైన బరువు పెడుతూ నడిపితేనే రింగులు గోడకు సర్దుకుంటాయి. అయిదు వందలకే ఆయిలు మార్చెయ్యాలి. అందులో కొత్త లోహపు రజను ఉంటుంది.

మా బావ ఈ పథ్యమంతా బందరు రోడ్డు మీద కంకిపాడుకూ ఉయ్యూరుకూ తిరుగుతూ జరిపించాడు. తరువాతనే గుడివాడ ఆయనను పిలిచాడు. బిల్లులూ, గోనెసంచిలో దాచిన అరిగిన పిస్టన్లూ ముందుపెట్టి జరిగినదంతా చెప్పాడు. బేరం కుదిరింది. ధర కాస్త పెరిగింది గాని మరమ్మతు ఖర్చంత పెరగలేదు. గట్టి ఆయిలు పోసి అమ్మివుంటే వచ్చేదానికంటే చేతిలో మిగిలింది తక్కువే.

లెక్క ప్రకారం మా బావకు నష్టమే. అయితేనేం? గుడివాడ బజారులో ఆ పెద్దమనిషి ఎదురైతే పక్కసందులోకి తప్పుకోవలసిన అవసరం లేదు.