స్నానాగారపు సందులు

గృహమును తీర్చిదిద్దుకొనుటలో మన దృష్టి గోడల రంగులమీదను, గుమ్మముల తెరలమీదను, వంటయింటి యరలమీదను నిలుచునంతగా స్నానాగారపు మూలలమీద నిలువదు. గోడయు నేలయు కలియుచోట, స్నానపు తొట్టి గోడకానుచోట, చేతులు కడుగుకొను బేసిను చుట్టును సన్నని సందొకటి యుండును. దాని వెడల్పు చిటికెనవ్రేలి గోరంత. అది మూసియున్నంతకాలము దానినిగూర్చి యెవరును తలంపరు. తెరచుకొన్ననాడు ఇంటికిని, ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగువారి స్నేహమునకును హాని కలుగును. ఈ మాసము ఆ సందును మూయు పదార్థమునుగూర్చి సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

మేము విశాఖపట్టణమున నొక భవనములో మూడవ యంతస్తున కాపురముండగా జరిగిన సంగతి యిది. క్రింది వాటాలోని పెద్దావిడ యొకనాటి యుదయమున మా గుమ్మములో నిలిచి, "అమ్మా, మీరు తలంటుకొన్ననాడెల్ల మా దేవునికిని అభిషేకమగుచున్నది. ఒక్కసారి వచ్చి చూడుడు" అనిరి. పోయి చూచితిమి. దేవుని పటములకు పైనున్న కప్పు పెచ్చులూడి, లోని యినుపకమ్మి తుప్పుపట్టి కనుపించుచుండెను. సిగ్గుతో తలవంచుకొంటిమి. వెంటనే తాపీమేస్త్రిని పిలిపించి సందులన్నిటిని తెల్లసిమెంటుతో నింపించితిమి. మూడు నెలలకు మరల తడి. మరల మేస్త్రి, మరల తెల్లసిమెంటు. ఇట్లు మూడుమారులు జరిగెను. నాలుగవమారు తడి వచ్చినపుడు ఆమె మా గుమ్మమునకు రాలేదు. మెట్లమీద ఎదురుపడినను పలుకరింపక తప్పుకొని పోయిరి. కోపముతో నాలుగు మాటలన్నను మాకంత బాధ కలిగియుండదు.

తప్పు మేస్త్రిది కాదు, తెల్లసిమెంటుదియు కాదు. దానిని తగనిచోట వాడించిన మాది. గోడయు నేలయు వేర్వేరు వస్తువులు. వేడికి వ్యాకోచించుటలోను, చలికి సంకోచించుటలోను, బరువునకు లొంగుటలోను దేని తీరు దానిదే. స్నానపు తొట్టి సంగతి మరింత స్పష్టము. 150 లీటర్ల నీరును 60 కిలోల మనిషియు చేరినచో తొట్టిపై 210 కిలోల బరువు పడి, దాని యంచు గోడనుండి వెండ్రుకవాసి దిగును. నీరు వదలగనే మరల లేచును. సిమెంటు గట్టిపడిన తరువాత సాగదు గనుక, అంచు కదలినపుడు బీటవారును. కంటికానని యా బీట నీటిని తనంత తానే లోనికి పీల్చుకొనును. ఒకే గోడమీది రెండు టైళ్ల నడుమ సిమెంటు చెల్లును. రెండు వైపులు కలియు మూలలో సాగెడి పదార్థమే కావలెను. ఈ యొక్క సూత్రము గుర్తుంచుకొన్నచో మిగిలినదంతయు సులభము.

మన పూర్వుల యిండ్లలో సున్నమునకు బెల్లపునీరును కరక్కాయ నీరును చేర్చి గచ్చు చేసెడివారు. స్నానపు దొడ్డి నేలమీదనే యుండెను; కారిన నీరు పెరటి యరటిచెట్లకు పోయెడిది. నేడు మన నేల మరియొకరి కప్పు. అందుచే మన జాగ్రత్తయు మారవలసియున్నది.

అంగళ్లలో సీలంటు అనుపేర దొరకు సాగెడి పదార్థములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ఆక్రిలిక్. ఇది నీటితో కలిపినది గనుక పనియైన పిమ్మట చేతులు సులభముగ కడుగుకొనవచ్చును. పైన రంగు వేయవచ్చును. కాని ఆరునపుడు కుదించుకొనును, నిత్యము నీరు తగులుచోట నిలువదు. కిటికీ చట్రముల ప్రక్కలకును, గోడల చిన్న బీటలకును తగును. రెండవది పాలీయురెథేన్. ఇది బలమైనదే గాని ఎండ వెలుతురునకు పసుపువన్నెకు తిరుగును. కట్టడముల పెద్ద సందులకు మేలు. మూడవది సిలికోను. దీని యణువుల వరుస సిలికన్, ఆక్సిజన్ అను మూలకములతో అల్లినది గనుక నీటికిని, వేడికిని, ఎండకును త్వరగ చెడదు. 1940లో అమెరికాదేశమున యూజీన్ రోకో అను రసాయనశాస్త్రజ్ఞుడు దీని మూలపదార్థములను సులభముగ తయారుచేయు విధానము కనుగొనినపిదప నిది విరివిగా లభించుటకు దారి యేర్పడినది. గొట్టముపై 25 అను తరగతి వ్రాసియున్నచో, సందు వెడల్పులో నాలుగవ వంతు సాగినను, నాలుగవ వంతు అణగినను అది వీడదని యర్థము. స్నానాగారపు మూలలకు దీనినే మేము సిఫారసు చేయుదుము. దీనిపై రంగు నిలువదు. కావున టైళ్లకు సరిపడు వర్ణమునే ముందుగా నెన్నుకొనవలెను.

సిలికోనులోను రెండు జాతులు కలవు. ఒకటి యారునపుడు వినిగరువలె పుల్లని వాసన వేయును. ఇది చౌక, గాజునకును, నిగనిగలాడు టైళ్లకును చక్కగా నంటును. కాని యందలి యామ్లము పాలరాతిని తినివేయును, రాగి యిత్తడి గొట్టములను చెరుపును. కడప నాపరాయియు, తాండూరు నాపరాయియు సున్నపురాతి జాతివే యగుటచే వానికిని ఇది పనికిరాదు. రెండవ జాతి న్యూట్రల్ అనబడును. కొంత వెల యెక్కువ, కాని రాతికిని లోహమునకును హాని చేయదు. మన యిండ్లలో రాతిపలకలు మెండు గనుక న్యూట్రల్ కొనుటయే క్షేమము. గ్రానైటు వంటి రాళ్లు అంచున నూనెమరక పీల్చుకొనకుండ, రాతికి తగినదని వ్రాసియున్న గొట్టమునే యడిగి తీసికొనవలెను.

కొనునపుడు మరి మూడు విషయములు చూడుడు. శానిటరీ అను మాటగాని, బూజును నిరోధించునను మాటగాని గొట్టముపై యుండవలెను. వాడదగు గడువు తేదీ దాటియుండరాదు. గడువు దాటిన సిలికోను ఎన్నినాళ్లైనను గట్టిపడక జిగటగా మిగిలిపోవచ్చును. ఇక కొలత: 280 మిల్లీలీటర్ల గొట్టము, 6 మిల్లీమీటర్ల వెడల్పును అంతే లోతును గల సందునకు సుమారు ఏడున్నర మీటర్లు, అనగా 25 అడుగుల వరకు వచ్చును. సందులను దారముతో కొలిచి వెళ్లినచో అంగడివాని యంచనాపై ఆధారపడ నవసరముండదు. ఏండ్ల కొలది హామీయని పెద్దయక్షరములతో వ్రాసినను, చిన్నయక్షరములు కూడ చదువుడు. చెడినపుడు క్రొత్త గొట్టమిత్తుమనియే హామీలలో సాధారణముగా నుండును. కూలికిని, క్రిందివారి కప్పునకును హామీ యుండదు.

అయినను సందు మన్నిక గొట్టపు వెలలోకన్న చేతిపనిలోనే యెక్కువ యున్నది. పాత పూతను పదునైన బ్లేడుతో పూర్తిగా గీకివేయవలెను. పాత సిలికోనుపై క్రొత్తది యంటదు. నల్లని బూజును బ్లీచింగు నీటితో కడిగి, మంచినీటితో మరల కడిగి, ఆ గదిని ఒకటి రెండు దినములు వాడక ఆరనీయవలెను. సంసారములో నిది కష్టమే. కాని తడిసందులో పూసినది వృథా. పిమ్మట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువుడు. లోతైన సందులో ముందుగా మెత్తని నురగత్రాటిని కూరి, పైభాగముననే సిలికోను నింపవలెను. అది యిరుప్రక్కలకు మాత్రమే యంటి, అడుగున నంటనపుడే స్వేచ్ఛగా సాగును. తొట్టి సందునకు పూయుటకు ముందు తొట్టిని నీటితో నింపి, పూత గట్టిపడువరకు నా నీటిని వదలకుడు. సందు విచ్చుకొన్న స్థితిలో నింపినది తరువాత తెగదు. ఇరుప్రక్కల కాగితపు టేపు అంటించి, గన్నుతో నొకే ధారగా నింపి, పది నిముషములలోపల వ్రేలితో నునుపుచేసి, పైపొర కట్టకముందే టేపు తీయవలెను. సిలికోను గాలిలోని తేమతో, దినమునకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గట్టిపడును. కావున 6 మిల్లీమీటర్ల పూతకు మూడు దినములు నీరు తగులనీయకుండుట మంచిది.

ఒక హెచ్చరిక. స్నానపుగదులు కడుగుటకు ఆసిడ్ వాడు నలవాటు మనలో కలదు. అది టైళ్ల నడుమనున్న సిమెంటును కరిగించి క్రొత్త సందులు తెరచును. అంతకన్న ముఖ్యముగా, బ్లీచింగుతో ఆసిడ్ కలిసినచో ఊపిరితిత్తులకు అపాయకరమగు క్లోరిన్ వాయువు పుట్టును. ఈ రెంటిని ఒకేనాడు ఒకేగదిలో వాడరాదు. పనిమనిషికి కూడ ఈ సంగతి తప్పక చెప్పుడు. అపాయము ముందుగా నామెకే.

తడి యెల్లప్పుడును సందునుండియే రాదు. స్నానము చేయని దినములలో గూడ క్రింది కప్పు తడిసియున్నచో, లోపలి గొట్టమును అనుమానింపవలెను. సందులు బాగుచేసినను నేలపై నీరు పోసిననాడే తడి దిగుచున్నచో, టైళ్ల క్రింది పొర చెడియుండవచ్చును. అట్టియెడ ఎంత మంచి సిలికోనైనను ఉపశమనమే గాని చికిత్స కాదు; పలకలు తీయించి మరల పొర వేయింపవలసినదే.

మాకు మాత్రము సందులే కారణమైనవి. నాలుగవమారు తెల్లసిమెంటంతయు పెకలించి, మూడు దినములు బంధువులయింట స్నానములు చేసి, పైన వ్రాసినట్లు సిలికోను పూయించితిమి. ఒక వర్షకాలము గడచినది. క్రింది కప్పు పొడిగా నున్నది. తుప్పుపట్టిన కమ్మిని శుభ్రపరచి, పెచ్చులు కట్టించి, సున్నము వేయించు ఖర్చు మేమే భరించితిమి. ఆ సాయంకాలము పెద్దావిడ తామే మెట్లెక్కి వచ్చి ప్రసాదపు పళ్లెమును మా చేతికిచ్చి, "ఇక మా దేవునికి మేమే అభిషేకము చేసికొందుము లెండమ్మా" అని నవ్విరి.

సోదరీమణులారా, ఆరునెలల కొకసారి దీపము పట్టుకొని మీ స్నానాగారపు మూలలు చూడుడు. అంచు లేచినదేమో, నల్లబడినదేమో, గోటితో నొక్కిన కదలునేమో పరీక్షింపుడు. క్రిందివారు వచ్చి చెప్పువరకు ఆగకుడు.