చెంబెడు పాలు

రాజుగారి పాలతొట్టి కథ మీకందరికీ తెలిసిందే. రాత్రిపూట తలా ఒక చెంబెడు పాలు తొట్టిలో పొయ్యమన్నాడాయన. ఊరంతా పాలు పోస్తుంటే నా చెంబెడు నీళ్ళు ఎవరు కనిపెడతారని ప్రతివాళ్ళూ అనుకున్నారు. తెల్లారేసరికి తొట్టినిండా నీళ్ళే! భూమి వేడెక్కిపోతోందన్న మాటెత్తితే చాలు, మన పెద్దమనుషులు ఈ కథ చెప్పి, "మనిషి బుద్ధే అంతమ్మా" అంటూ చేతులు దులిపేసుకుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది.

పదిమంది ఆడవాళ్ళు చేరి పొదుపు సంఘం పెట్టుకుంటారు. వాళ్ళది మనిషి బుద్ధి కాదూ? నెలనెలా కడుతున్నారే! ఎందుకంటే అక్కడ పుస్తకం అందరి ముందూ తెరుస్తారు. ఒకావిడ ఎగ్గొడితే మిగతావాళ్ళు ఊరుకోరు. దేశాల సంఘంలో పుస్తకమైతే ఉంది గానీ, గట్టిగా అడిగేవాళ్ళే లేరు. 1997లో క్యోటోలో రాసుకున్న ఒప్పందం మీద అమెరికా సంతకం పెట్టింది, ఆమోదించడం మాత్రం మానేసింది. కెనడా 2011లో తప్పుకుంటానంది. 2015 నాటి పారిస్ ఒప్పందంలోనైతే ఎవరి వాటా వాళ్ళే రాసుకోవచ్చు, తప్పితే జరిమానా లేదు. అందులోంచి అమెరికా 2020లో పోయి, 2021లో వచ్చి, 2025లో మళ్ళీ పోతానంది. ఇలాంటి సభ్యురాలిని మీ చీటీలో ఉంచుకుంటారా, చెప్పండి?

పోనీ అందరి చెంబులూ ఒకటేనా? ఏడాదికి మనిషి వంతున వదిలే బొగ్గుపులుసు వాయువు అమెరికాలో సుమారు 14 టన్నులు, మన దగ్గర 2 టన్నుల పైచిలుకు. ఈ లెక్క చూపించి మనవాళ్ళు తప్పించుకుంటామంటే అదీ నేనొప్పుకోను. 2021లో గ్లాస్గోలో బొగ్గు 'మానేద్దాం' అన్న మాటని 'తగ్గిద్దాం' అని పట్టుబట్టి మార్పించింది మన దేశమే. మాడేదీ మనమే. 2015 మే నెల వడగాడ్పుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్ళు ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్ళు కారు.

అసలు కుదరనే కుదరదా? ఓజోన్ పొరకి చిల్లు పెడుతున్న ఫ్రిజ్ వాయువుల్ని ఆపడానికి 1987లో మాంట్రియల్‌లో కూర్చున్నారు. చేరనివాళ్ళతో ఆ సరుకు బేరం బంద్ అన్నారు. బీద దేశాలకి గడువిచ్చారు, తర్వాత డబ్బూ ఇచ్చారు. ప్రపంచంలో ఒక్క దేశం మిగలకుండా చేరింది. తయారుచేసే కంపెనీలు కొద్ది, మారు సరుకూ దొరికింది, బొగ్గూ పెట్రోలూ అంత తేలిక కాదు, నిజమే. అయినా ఆ షరతులు ఇక్కడ పెట్టడానికి నోరు రాదేం?

మనకి మాత్రం బజారుకెళ్తూ గుడ్డసంచీ మరిచిపోవద్దని పాఠం చెబుతారు. మా అమ్మమ్మ ఏనాడూ మరిచిపోలేదండీ.